ఏడాది ఖర్చులో రాయని జాడీ

నలభై ఆరేళ్లకే బ్యాంకులో వీఆర్‌ఎస్ తీసుకుని, మా ఆవిడనీ అమ్మనీ వెంటబెట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన ఏడాది అది. అనంతపురం నుంచి వచ్చి తణుకులో పది రోజులకు గది తీసుకున్నాం. ఇంటావిడ సత్యవతిగారు ఆవకాయ కలుపుతూ, "ఇలా తిరుగుతా ఉంటే ఏడాదికి ఎంతవుద్దండి?" అని మొహమాటం లేకుండా అడిగేశారు.

నేను గర్వంగా లెక్కల పుస్తకం తెచ్చి చదివాను. అద్దెలు, బస్సు ఛార్జీలు, అమ్మ మందులు, అన్నీ ఉన్నాయి.

"బానే ఉందండి. మరి ఏడాదికి సరిపడా ఆవకాయ ఎక్కడ పెట్టుకుంటారు?"

నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేశాను.

"నేను చెప్తానే ఉన్నా, వీడు వింటేనా?" అంది అమ్మ.

"ఆవకాయ లేకుండా ఏడాదేంటండీ బాబూ!" అంటూ సత్యవతిగారు చిన్న జాడీ నింపి అమ్మ చేతిలో పెట్టారు. "జాడీ మాత్రం తిరిగిచ్చెయ్యాలండోయ్."

మరుసటి వేసవిలో ఇవ్వడానికి వెళ్లాం. ఖాళీ జాడీ ఇస్తే బాగుండదని మా ఊరి వేరుశనగపప్పు పోసి ఇచ్చాం. ఆవిడ పప్పు ఒంపుకుని, జాడీ శుభ్రంగా తుడిచి, మళ్లీ ఆవకాయ నింపారు.

"ఖాళీగా ఎలా పంపుతానండీ?"

అప్పటినుంచి మా పుస్తకంలో ఏటా మొదటి ఖర్చు, జాడీ తిరిగివ్వడానికి తణుకు ఛార్జీలు. జాడీ ఇంకా మా దగ్గరే ఉంది.