చిన్నబాపు చీటీలు

మొన్న నా కొడుకు కంప్యూటర్ పెట్టె మూత విప్పి లోపలి దుమ్ము దులుపుతుంటే, వేడెక్కిన దుమ్మూ ప్లాస్టిక్కూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి, చేతిల ఉన్న చాయ్ పక్కన పెట్టి బయటి అర్రలకు పోయి కూసున్న. ఆ వాసన నా పన్నెండేండ్లప్పటిది, మంథనిది, సుగుణక్కది.

సుగుణక్క మా బాపు తమ్ముడు చిన్నబాపు బిడ్డ. తల్లి ముందే లేదు. చిన్నబాపు కూడా పోయినంక, ఇంటర్ చదివే వయసుల, ఒక బట్టల పెట్టెతోటి, ఒక గోనె సంచితోటి మా ఇంటికి వచ్చింది. సంచి నిండ చీటీలే. బడిపంతులైన చిన్నబాపు నాట్లేసే ఆడోళ్ల దగ్గర, గోదావరిల పడవలు నడిపేటోళ్ల దగ్గర, వేములవాడకు మొక్కులకు పోయే ముసలోళ్ల దగ్గర విన్న మాటలను, ఎన్నో ఏండ్లు, చీటీకి ఒకటి చొప్పున అర్థంతో సహా రాసిపెట్టిండు. ఆ ఏడే దుబాయి నుంచి తిరిగొచ్చిన మా బాపు నాకోసమని హైదరాబాద్ పోయి కంప్యూటర్ తెచ్చిండు. నాకు దాంట్ల కార్ల ఆట తప్ప ఇంకేం రాలే. సుగుణక్క మాత్రం కరీంనగర్ల మూడు నెలలు నేర్చుకొనొచ్చి, ఆ వానకాలమంత, పక్కింట్ల మక్కకంకులు కాలుస్తున్న వాసనా గోదావరి మీది తడిగాలీ కిటికీల నుంచి వస్తుంటే, అంట్లు తోమి, బట్టలు పిండి, వాకిలి ఊడ్చినంక కూసుని ఆ చీటీలన్ని తెలుగుల టైపు చేసింది. ఇంటికొచ్చినోళ్లు ఆమె వేళ్ల దిక్కే చూసేటోళ్లు. కంప్యూటర్ నాది గదా అని నేను లోపల్లోపల ఉడికేదాన్ని.

టైపు అయిపోయినంక, బతుకమ్మ పండుగ ముందట ఇల్లు సదురుతూ, నా కన్నతల్లి, మా అవ్వ, ఆ చీటీలను నీళ్ల కాగు కింద పొయ్యిల పెట్టింది. "అంత కంప్యూటర్ల వడ్డది గద, గీ చెత్త ఇంకెందుకు" అన్నడు బాపు. సుగుణక్క బాయి కాడి నుంచి వచ్చేసరికి బూడిద మిగిలింది. ఆ నీళ్లతోనే అందరం తానాలు చేసినం, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తిన్నం.

పండుగయినంక డిస్కు చప్పుడు మొదలైంది. టక్కు, టక్కు, జరసేపు ఆగి మళ్ల టక్కు. కరెంటు పొద్దుకు నాలుగుసార్లు పోయే రోజులవి. పోయినప్పుడల్ల మిషిను నడుస్తుండంగనే ఆరిపోయేది. బాపు పెట్టె మీద రెండు చరిచిండు. సుగుణక్క ఆయనను పక్కకు జరగమని, మూత విప్పి, డిస్కుకు పోయే వెడల్పాటి పట్టీ వైరు ఊడదీసి తుడిచి మళ్ల పెట్టింది, కరెంటు వైరు మార్చి చూసింది, చప్పుడు పోలే. డిస్కును పరీక్ష చేసే ప్రోగ్రాం పెడితే తెర మీద గడులు ఒక్కొక్కటే చెడిపోయినట్టు గుర్తులు పడుకుంట వచ్చినయి. ఫ్లాపీలకు ఎక్కిద్దామంటే ఫ్లాపీ పెట్టే అర ఎప్పుడో పాడైంది. ఎస్టీడీ బూతుకు పోయి కరీంనగర్ల కంప్యూటర్ నేర్పిన సారుకు ఫోన్ చేసి వచ్చి, ప్లగ్గు పీకి, నన్ను పిలిచింది.

"చెల్లె, దీన్ని ముట్టకు. పెట్టినప్పుడల్ల ఇంకింత ఖరాబైతది. రేపు పోయి సారు దగ్గర ఇంకో డిస్కు తెస్త, మాటలన్ని దాంట్లకు దించుకుంట."

"పెడితే పోతయా?"

"పెట్టకుంటె పోవు."

తెల్లారి ఆమె మొదటి బస్సుకు పోయింది. అవ్వ, బాపు పొలానికి పోయిన్రు. నేను ప్లగ్గు పెట్టిన. ఆట కోసమే పెట్టిన్నని చానా ఏండ్లు నాకు నేనే చెప్పుకున్న. కానీ ఆట తెరుచుకోలే, అయినా నేను ఆపలే. ఆర్పుకుంట, పెట్టుకుంట, మళ్ల ఆర్పుకుంట, ఆ టక్కు టక్కు గర్రుమనే గీకుడు చప్పుడైందాక, ఆ గీకుడు చప్పుడు కూడా ఆగిందాక కూసున్న.

పగటాల సుగుణక్క డిస్కును తువ్వాలల చుట్టుకొని వచ్చింది. రెండూ కలిపి పెడితే పాతది ఉన్నట్టే తెర మీద రాలే. వైరు మార్చింది, మళ్ల చూసింది, మళ్ల మార్చింది. ఆఖరికి పాత డిస్కు మీద అరచెయ్యి పెట్టి, అట్లనే ఉంచి, నా మొకం చూసింది. ఆమె మూత విప్పినప్పుడే, ఇంకా కరెంటు పెట్టకముందే, అది వేడిగ ఉండె.

అప్పుడే బాపు వచ్చి, డిస్కు ఆగిపోయిందని చూసిండు. "ముట్టొద్దంటె ప్లగ్గు ఎవలు పెట్టిన్రు?" అని అడిగిండు.

"అక్కనే బాపు, పొద్దుగాల పోయేటప్పుడు" అన్న.

బాపు ఆమె చెంప మీద కొట్టిండు. "తిండి పెట్టినందుకు గిదా?" అన్నడు. సుగుణక్క సారు డిస్కును మళ్ల తువ్వాలల చుట్టింది. నెల తిరగకముందే బాపు నాకు కొత్త డిస్కు వేయించిండు. కార్ల ఆట మునుపటి కన్న జోరుగ నడిచింది. ఆమె దాని చుట్టూ రోజూ ఊడ్చేది, ముట్టకపోయేది.

ఇప్పుడా ఇల్లు మాది కాదు. ఆ మాటలు మాట్లాడిన ముసలోళ్లు ఒక్కరు మిగల్లే. పెద్దపల్లిల బట్టలు కుట్టే సుగుణక్కకు మొన్న ఫోన్ చేసి, ఆ రోజు పెట్టింది నేనే అని చెప్పిన.

"ఎరికే" అన్నది.

"మరి బాపుకు ఎందుకు చెప్పలే?"

"చెప్పి ఎక్కడ ఉందునే? ఇల్లు నీది."

చిన్నబాపు మాటలు ఏమన్న యాదికున్నయా, చెప్తె రాసుకుంట అన్న. అటుదిక్కు కుట్టు మిషను ఆగింది.

"మస్తు ఉన్నయి" అన్నది సుగుణక్క. "నీకు చెప్పను."