గంజి కప్పు

పదకొండేళ్ళుగా ఈ హోటల్‌లో గిన్నెలు తోముతున్నాను. మనుషులెలాంటివాళ్ళో తిన్న ప్లేటు చూసి చెప్పగలను. ఓనరుగారి బావమరిదికి మాత్రం ప్లేటు కూడా అక్కర్లేకపోయింది, చూసిన మొదటి రోజే ఒళ్ళు మండింది. ఆరు నెలల వంట కోర్సు చేసి వచ్చి, గరిటె పట్టకముందే టోపీ పెట్టుకున్నాడు.

పెద్ద పొయ్యి అక్కది. వంటింట్లో అందరం ఆమెను అక్కా అనే పిలుస్తాం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆమె చేసే సాల్మన్ పాస్తా కోసమే వస్తారు. చేప ముక్కల్ని చర్మం కిందికి ఉండేలా పెనం మీద పెట్టి, ఎర్రగా వేగేదాకా కదపదు. పాస్తా కాస్త పలుకుండగానే తీసేసి, అది ఉడికిన నీళ్ళు చెవి విరిగిన కప్పులో పట్టి పక్కన పెట్టుకుంటుంది. వాటిని గంజి అంటుంది. చివర్లో క్రీమ్‌లో ఆ గంజి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే సాస్ పాస్తాను పట్టుకుని వదలదు.

"మా ఇంట్లో గంజి పారబోసేవాళ్ళం కాదు. ఒక్కోరోజు అదే భోజనం" అని ఒకసారి మాటల్లో అంది. బావమరిది ఆ మాట పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆమెను గంజి అనే పిలిచేవాడు. వడ్డించేవాళ్ళు కూడా ముసిముసిగా నవ్వేవారు. అక్క తల ఎత్తేది కాదు. ఆ నవ్విన వాళ్ళ టీ గ్లాసులు నేను సరిగ్గా కడిగేదాన్ని కాదు.

తర్వాత అతను ఏకంగా పొయ్యే అడిగాడు. ఓనరుగారు అటు భార్యకు చెప్పలేక, ఇటు అక్కను కాదనలేక, ఇద్దరినీ సాల్మన్ పాస్తా చేయమన్నారు. రోజూ మధ్యాహ్నం భోజనానికి వచ్చే పంతులమ్మగారు తిని చెప్పాలి. గెలిచినవాళ్ళది పొయ్యి. ఓడినవాళ్ళు మూలన కూర్చుని ఉల్లిపాయలు తరగాలి.

చేప బాగానే వేయించాడు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత పాస్తాను జల్లెడలో వార్చేసి, అది చాలదన్నట్టు కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాడు. నీళ్ళన్నీ నా సింకులోంచే పోయాయి. చూస్తూనే ఉన్నాను. పెనంలో క్రీమ్ ఒకవైపు, పాస్తా ఒకవైపు అయ్యాయి. బయట పంతులమ్మగారు వచ్చి కూర్చున్నారు.

అతను అటూ ఇటూ చూశాడు.

"గంజీ, కొంచెం గంజి ఇవ్వు" అన్నాడు.

నోరు జారాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. అక్క కప్పు చేతిలోకి తీసుకుంది.

"ఉన్నది ఇదొక్కటే బాబూ. ఇన్నాళ్ళూ మీరు నవ్వింది దీన్ని చూసే."

కప్పంతా తన పెనంలో వంచేసింది. ఎప్పుడూ అందులో సగమే పోస్తుందని నాకు తెలుసు. మిగతా సగాన్ని మంట పెంచి, నిలబడి ఇగరబెట్టింది.

పంతులమ్మగారు అతని పాస్తా రెండు చెంచాలు తిని పక్కకు జరిపారు. అక్కది ఖాళీ చేసి, ప్లేటుకు అంటిన సాస్ కూడా బ్రెడ్డు ముక్కతో తుడుచుకు తిన్నారు. ఇక ఓనరుగారు అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

కత్తీ, ఉల్లిపాయల బుట్టా అక్కే తెచ్చి అతని ముందు పెట్టింది. నాకేమీ జాలి వేయలేదు. అతను టోపీ తీసి, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉల్లిపాయల ఘాటు" అన్నాడు.

అప్పటికి ఇంకా ఒక్కటి కూడా తరగలేదు.