ఇంగ్లీషు మందుకు పథ్యం

గురజాల చుట్టుపక్కల ఏ చేలో ఆయిలింజను మొరాయించినా జాన్ సాహెబ్‌కే కబురొచ్చేది. సైకిలుకు పనిముట్ల సంచి తగిలించుకుని పోయి, బావిలోకి దిగి, ఇంజను విప్పి బిగించి, నీళ్ళు పడిందాకా పైకి రాడు. పైకొచ్చాక అన్నం. సాగరు కాలవ పారని ఊళ్ళక్కూడా ఆ కాలవ బియ్యం వచ్చిపడి, జొన్న సంకటి తిన్న ఇళ్ళల్లో వరన్నం మర్యాదైపోయిన రోజులవి. పళ్ళెంలో గుట్టగా పెట్టేవాళ్ళు. వద్దంటే ఇంకో గుట్ట పడేది. వెనకాలే గ్లాసు నిండా తియ్యటి టీ.

నలభై దాటిన నాలుగైదేళ్ళకు జాన్ సాహెబ్‌కు దాహం పట్టుకుంది. చూపు మసకేసింది. అరికాల్లో ఇనపముక్క గుచ్చుకుంటే నొప్పే తెలియలేదు, పుండు పడింది, మానలేదు. పట్నంలో పేరున్న డాక్టరొకాయన చీటీ మీంచి తలెత్తకుండానే చెప్పాడు: "షుగరు. నోరు కట్టుకో. లేకపోతే కాలు తీసేస్తారు."

కాలు లేనోడు బావిలోకి దిగేదెట్లా? ఆ భయంతో కొన్నాళ్ళు బిళ్ళలు మింగాడు. రెండోసారి పోతే "తిండిపోతు" అని పదిమందిలో అరిచాడాయన. మూడోసారి జాన్ సాహెబ్ పోలేదు. జబ్బు కంటే అవమానం ఎక్కువ నొప్పెట్టింది. ఇట్లా తిట్టించుకుని ఇళ్ళల్లో కూర్చుని, కాళ్ళూ కళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమందో ఎవరూ లెక్క రాయరు. రోగి మాట వినలేదంటారు. రోగి మాట విన్నదెవరు?

పుండు వాసనేస్తుంటే భార్య పోరు పడలేక దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి పోయాడు. అక్కడికి కొత్తగా శేషారత్నమ్మని డాక్టరమ్మ వచ్చింది. వెనక వరుస బారెడున్నా ఆమె బల్ల చూపించి కూర్చోబెట్టింది. పుండు తనే కడిగింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రపు చుక్కలేసి స్పిరిటు దీపం మీద కాచింది. నీలం కాస్తా ఇటిక రంగయింది, షుగరు బాగా ఎక్కువుందని గుర్తు.

"ఏం తింటన్నారు భాయ్?"

"ఏముందమ్మా, పొద్దున ఒక రొట్టె, రాత్రి ఒక రొట్టె."

ఆమె గొట్టాన్ని వెలుగుకు పట్టి చూసి నవ్వింది. "ఇది వేరే మాట చెబుతోంది. తిట్టన్లే, మధ్యాన్నం ఎక్కడ తింటారు?"

ఆ "తిట్టన్లే" విని జాన్ సాహెబ్‌కు ధైర్యమొచ్చింది. అంతా చెప్పాడు. వెల్దుర్తి వైపు వీరయ్యగారి చేను, ఆయన భార్య అలివేలమ్మ వడ్డన, వద్దంటే పడే మాట. "సాయిబుకు మా ఇంటి కూడు పనికిరావట్లేదంటారమ్మా. ఆ మాట ఒక్కసారి పుట్టిందంటే ఇంకెవరూ పనికి పిలవరు."

డాక్టరమ్మ పుండుకు కట్టు కడుతూ అడిగింది. "కామెర్లొచ్చి పసరు తాగినోడికి మీ ఊళ్ళల్లో ఎవరన్నా బలవంతంగా అన్నం పెడతారా?"

"ఎందుకు పెడతారమ్మా, పథ్యం గదా. పథ్యం చెడగొడితే ఆ పాపం పెట్టినోళ్ళకే."

"మరి మీరూ పథ్యమని చెప్పండి."

"పథ్యం పసరు మందుకమ్మా. ఇంగ్లీషు మందుకు పథ్యమేంది?"

"దీనికే అన్నిటికంటే గట్టి పథ్యం," అందామె.

వీరయ్య చేలో ఇంజను బాగుచేసి పైకొచ్చాక, బెరుగ్గానే అన్నాడు. "అత్తా, నేను పథ్యంలో ఉండా."

అలివేలమ్మ గరిట ఆగిపోయింది. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, ముందే చెప్పొద్దంట్రా? ఏం తినొచ్చో చెప్పు."

జొన్న రొట్టె ఒకటి, తోటకూర పప్పు, మజ్జిగ. మా ఆడది ఇట్లా నాకెప్పుడు చేసిందిలే అని వీరయ్య దెప్పాడు. నీకూ రోగమొస్తే చేస్తానందామె. ఊరూరా మాట పాకింది: జాను పథ్యంలో ఉండాడు, బలవంతం చేయబాకండి.

అన్నిసార్లూ సాఫీగా సాగలేదు. పెళ్ళిళ్ళ నెలలో బిర్యానీకి లొంగి మళ్ళీ ఇటిక రంగు తెప్పించాడు. దాచకుండా చెప్పుకున్నాడు. ఆసుపత్రిలో బిళ్ళలు నిండుకున్నప్పుడు ఆమె కూడా దాచకుండా చెప్పింది, ఎప్పుడొస్తాయో కనుక్కుని మరీ చెప్పింది. ఒంట్లో బరువు దిగింది. చొక్కాలు వదులయ్యాయి. పుండు మానింది. గొట్టంలో రంగు పసుపై, ఆకుపచ్చై, కడకు నీలంగానే నిలబడింది. డాక్టరమ్మ బిళ్ళ సగం చేసింది, తర్వాత ఆపేసింది. బిళ్ళ లేకుండా ఏడాది గడిచాక గుంటూరు పంపి రక్తం కూడా చూపించింది. మామూలుగానే ఉంది.

"ఇంక పథ్యం విడవొచ్చా అమ్మా?"

"విడిస్తే తిరిగొస్తుంది. విడవకపోయినా ఎప్పుడైనా రావొచ్చు. మీకు అబద్ధం చెప్పను. అందుకే చూపించుకుంటా ఉండాలి. చెప్పులు లేకుండా మాత్రం బావిలోకి దిగొద్దు."

ఆయన తలూపాడు. కాలు నిలబడింది, అది చాలు.

ఆ వారంలోనే వీరయ్య ఇంజను మళ్ళీ ఆగింది. జాన్ సాహెబ్ చెప్పులతోనే బావిలోకి దిగి పనిలో ఉండగా, గట్టు మీంచి వీరయ్య వంగి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ జానూ, నాక్కూడా ఈమధ్య ఒకటే దాహం. ఒంటికి పోతే చీమలు పడతన్నయ్. మీ డాక్టరమ్మ కేకలేసుద్దా?"

"నిజం చెప్పు మామా, వినుద్ది," అన్నాడు కింద నుంచి. "పొద్దున్నే తయారుగా ఉండు. నేనూ వస్తా."