లోకల్ వాళ్లకు గదులు లేవు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొనుక్కుని బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఆ లాడ్జి కనిపించింది. కొత్తగా రంగులు వేయించారు. బోర్డు కింద మునుపటికంటే పెద్ద అక్షరాల్లో ‘లోకల్ ఆధార్ ఉన్నవారికి గదులు ఇవ్వబడవు’ అని రాయించారు. ఇన్నేళ్లలో నా కోపం చల్లారి ఉంటుందనుకున్నాను. ఎక్కడ! నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయినా ఆ బోర్డునే చూస్తూ నిలబడ్డాను.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం చెరువు పొంగి మీర్‌పేటలో మా ఇంట్లోకి మోకాలిలోతు నీళ్లు వచ్చాయి. కష్టానికీ సుఖానికీ దగ్గరగా ఉండాలని మా ఆడపడుచూ మరుదులూ అదే వీధిలో ఇళ్లు కట్టుకున్నారు గనుక అందరం కలిసే మునిగాం. మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయి పదిహేను రోజులే. కుట్లు తడవకూడదు, కింద కూర్చోకూడదు. ఆమెకు ఒక మంచం, కమోడ్ ఉన్న బాత్రూము ఉంటే చాలు, రెండు రోజులు గడిచిపోతాయని ఆటో ఎక్కాం.

ఎల్‌బీ నగర్‌లో రెండు లాడ్జీల వాళ్లు మా ఆయన ఆధార్ చూసి అడ్డంగా తలూపారు. ఊళ్లోనే ఇల్లున్నవాళ్లు లాడ్జికి వస్తే ఏదో గుట్టు వ్యవహారమేనని వాళ్ల నమ్మకం. నెరిసిన జుట్టుతో, చేతిలో మందుల సంచీతో, చంకలో బొంతతో మేం ఏ గుట్టు చేస్తామని! నాకు ఒళ్లు మండిపోయింది.

మూడోది ఈ దిల్‌సుఖ్‌నగర్ లాడ్జి. కాలు లాగుతోందని అత్తమ్మ కూడా దిగి, లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. మేనేజరు కోస్తా నుంచి వచ్చి ఏడాదైనా కాలేదట. మా ఆయన కార్డును తిప్పి తిప్పి చూసి, “మీర్‌పేటాండీ? లోకల్ వాళ్లకి ఇవ్వమండి, ఓనర్ గారి ఆర్డరు” అన్నాడు. మా ఆయన బతిమాలుతున్నాడు. నేనిక ఆగలేకపోయాను.

“అత్తను ఎంటబెట్టుకొని ఎవరన్న తప్పుడు పనికి ఒస్తరా?”

అతను తల దించుకున్నాడే గాని తాళం చెవి తీయలేదు. అప్పుడు అత్తమ్మ బొడ్డు దగ్గరి సంచి విప్పి, ప్లాస్టిక్ కవర్లోంచి తన కార్డు తీసింది. మా ఇంట్లో ఉంటూనే పట్టుబట్టి ఊరికి వెళ్లి తీయించుకున్న కార్డు, నల్లగొండ పక్కన వాళ్ల ఊరి అడ్రసుతో. మా ఆయన మార్పిస్తానని ఫారం నింపి తెచ్చినప్పుడల్లా ఆమె ఆ కార్డు దాచేసేది. ఆ మొండితనాన్ని మేం ఎంత ఎగతాళి చేశామో! మేనేజరు ముఖం విప్పారింది. గది ఆమె పేరున, మేమిద్దరం ఆమెకు తోడు వచ్చినవాళ్లం. అవే మూడు ముఖాలు, అదే బొంత. క్షణం కిందటి దొంగలం మర్యాదస్తులమైపోయాం.

పుస్తకంలో రాసుకుంటూ అతను, ఏం పని మీద వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడిగాడు.

“కొడుకు ఇల్లు చూద్దామని ఒచ్చిన బిడ్డా,” అంది అత్తమ్మ. “రేపో ఎల్లుండో పోత.”

ఆమె అబద్ధం ఆడలేదు. మామయ్య పోయాక పెట్టెతో మా గడపలో అడుగు పెట్టిన రోజు కూడా సరిగ్గా ఈ మాటే అంది. ఆ పెట్టెలో బట్టలు ఎన్నడూ బీరువాలోకి మారలేదు. నేను దాన్ని పాతకాలపు అలవాటనుకున్నాను. మా ఇల్లు ఆమెకు ఇల్లు కాలేదని, కోడలిగా నేను గమనించాల్సిన సంగతిని, ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి పుస్తకంలోకి ఎక్కించుకుంటుంటే విన్నాను. అప్పటిదాకా లాడ్జి మీదున్న కోపమంతా నా మీదికి తిరిగింది.

నీళ్లు తీశాక ఇంటికొచ్చాం. తర్వాత రెండేళ్లకు అత్తమ్మ అదే ఇంట్లో కన్ను మూసింది. ఆమె చెప్పిన ఆ రేపో ఎల్లుండో మా ఇంట్లో ఇరవై రెండేళ్లు నడిచింది.