పోయిన మనిషి హాజరు

రైతు బజారులో నా ఉద్యోగం పేర్లు పిలవడం. ఉద్యోగం అంటే పెద్దమాట అవుతుంది, నెలనెలా పొడిగించే తాత్కాలికపు పని. పొద్దున్నే ఆరింటికి రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని, హాజరు పట్టీ తెరిచి, నలభై అరుగుల వాళ్ళనీ వరసగా పిలిచేవాణ్ణి. పిలిచిన రైతు పలకాలి, నేను టిక్కు కొట్టాలి. ఆ తర్వాత నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ రోజు ధరలు రాయాలి. బీయే చదివి ఇదేం పనిరా అని మా బావ ఏడిపించేవాడు. నాకు మటుకు ఆ పనంటే గర్వంగానే ఉండేది. బజారు పెట్టిన కొత్తలో, అంటే రెండువేల సంవత్సరం అటూ ఇటూగా, టౌనువాళ్ళు సంచులు పట్టుకుని మేం తలుపులు తీయకముందే వచ్చి నిలబడేవాళ్ళు. పండించినవాడి చేతి నుంచే కొనాలని వాళ్ళకొక పట్టుదల. పక్క బజారులో అర్ధరూపాయి తక్కువకి దొరికినా మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

గుంటూరు వదిలి ప్రత్తిపాడు దాటితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పత్తీ, మిరపా. కూరగాయలు వేసేది బావి పక్కన అరెకరంలోనే. పత్తి దెబ్బతీసిన ఏడాది ఆ అరెకరమే ఇల్లు గడిపేది. పదిహేడో అరుగు రైతుకీ అంతే, మూడెకరాల పత్తి, అరెకరం వంకా బీరా. ఆయన చేతికి కొసరు ఎక్కువ. కిలో వంకాయలు కొంటే నాలుగు పచ్చిమిరపకాయలు, రెబ్బ కరివేపాకు సంచిలో పడేసేవాడు. అందుకే ఆడవాళ్ళు ముందు ఆ అరుగుకే పోయేవాళ్ళు.

కార్తీకంలో ఆయన పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. మూతికి గుడ్డ కట్టుకోలేదు, గాలికి ఎదురు నిలబడి కొట్టాడు. ట్రాక్టరు మీద టౌనుకి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. దినం పెట్టిన రెండో రోజే ఆయన భార్య రెండు బుట్టల వంకాయలతో దిగింది. ఆటో దిగి వస్తున్న ఆమెని చూసి బజారంతా మాటలు ఆపేసింది. నుదుట బొట్టుంది. చేతులకి గాజులున్నాయి.

బొట్టెందుకు పెట్టుకుందో మాకందరికీ తెలుసు. బజారులో కూర్చునే కార్డు పాసు పుస్తకంలో పేరున్న రైతుకే ఇస్తారు. ఆయనతో పాటు భార్య కూర్చుని అమ్ముకోవచ్చు. ఆయన చనిపోతే కార్డు రద్దు. కొత్త కార్డు కావాలంటే భూమి ముందు ఆమె పేరుకి మారాలి. మారకుండా ఆయన అన్న అడ్డం పడి ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ పెట్టాడు. ఒంటరి ఆడది సేద్యం ఏం చేస్తుంది, పొలం నాకు వదిలెయ్యమని అతని పోరు. అది తేలేదాకా ఆమెకీ ఇద్దరు ఆడపిల్లలకీ తిండి ఈ అరుగు మీదే. అరుగు పోతే పొలం బావగారి చేతిలోకి పోయినట్టే.

ఆ పొద్దున నేను పేర్లు పిలుస్తూ పిలుస్తూ, అలవాటు కొద్దీ, పదిహేడో పేరు కూడా పిలిచేశాను. నాలుక కరుచుకునేలోగా పద్దెనిమిదో అరుగు పెద్దాయన, ఆకుకూరలు అమ్మే ముసలాయన, తలెత్తకుండా అన్నాడు.

"వచ్చాడు."

నా కలం టిక్కు కొట్టేసింది. నేను కొట్టానని అనను, కొట్టింది.

ఆ రోజు నుంచీ అదే వరస. రోజుకొకరు పలికేవాళ్ళు. ఒకరోజు దొండకాయలతను, ఒకరోజు గోంగూర ఆమె. ఎవరికి వంతు వేశారో, అసలు వేశారో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. తప్పు చేస్తున్నానని తెలుసు. పట్టుబడితే నా పని పోతుందనీ తెలుసు. అయినా ఆ పేరు దగ్గర ఆగితే నలభై మంది నా మొహం వంక చూసే చూపు తట్టుకోలేకపోయేవాణ్ణి.

మొదట్లో అది ఒక అబద్ధం, అంతే. తర్వాత అదేమైందో నేను సరిగ్గా చెప్పలేను. టౌనులో చాలామందికి ఆయన పోయిన సంగతి తెలియదు. కొసరేదమ్మా, మీ ఆయనైతే వేసేవాడు అని అడిగితే, ఆయన వచ్చాక వేయించుకోండి అనేది ఆమె. రిటైరైన పంతులమ్మ ఒకావిడ రోజూ వచ్చేది. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, నిన్న పదిహేడో అరుగాయన నాకు బీరకాయలు తూచి ఇచ్చాడు, మనిషి బాగా చిక్కిపోయాడేమిటి నాయనా అని అడిగింది. కళ్ళజోడు మార్చుకోండమ్మా అన్నాను, నవ్వుతూనే. ఆవిడ నవ్వలేదు.

పుష్యంలో తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. పదిహేడో అరుగు దగ్గర నిలబడి రైతేడని అడిగాడు. టీకి వెళ్ళాడండి అన్నాడు పెద్దాయన. ఆఫీసరు కార్డు మీద ఫొటో చూసి, తల ఊపి, "ఆ, గేటు దగ్గర ఎదురొచ్చాడులే" అని ముందుకు కదిలాడు. ఆయన మాకోసం అబద్ధం ఆడే మనిషి కాదు, ఆడాల్సిన అవసరమూ లేదు. మేమందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ రోజు ఎవ్వరూ గేటు వైపు టీకి పోలేదు.

ఆమె ఊరి వాళ్ళు ఇంకో సంగతి చెప్పారు. ఆటో ఊరి పొలిమేర చేరగానే బొట్టు తుడిచేసి, గాజులు తీసి కొంగున ముడేసుకుంటుందట. తెల్లవారుజామున వచ్చేటప్పుడు అదే చోట మళ్ళీ తొడుక్కుంటుందట. బజారులో మాత్రం పక్కన ఎవరో ఉన్నట్టే మసలేది. తక్కెడ ఇటు జరుపు, ఆ బుట్ట ఎండకి పెట్టావేం అని గొణుక్కునేది. అరుగు మీద ఒక మనిషి పట్టేంత చోటు ఎప్పుడూ ఖాళీగా వదిలేది. జాగా చాలక బుట్టలు కిందపెట్టుకునేదిగానీ ఆ చోట పెట్టేది కాదు.

ఒకసారి ధైర్యం చేసి, ఎందుకమ్మా ఇలా అని అడిగాను.

"ఇక్కడ ఉన్నంతసేపూ ఉన్నట్టే ఉంటాడు బాబూ. ఇంటికెళ్తేనే ఉండడు," అంది మామూలుగా, వంకాయలు తూస్తూ.

నేను దయ్యాలను నమ్మను, అప్పుడూ నమ్మలేదు. కానీ మంచు దట్టంగా పడ్డ ఒక పొద్దున, అరుగులు కూడా కనపడని మంచులో, పదిహేడో పేరు పిలిస్తే పలుకు వినిపించింది. పెద్దాయన గొంతు కాదు. ఆడగొంతూ కాదు. పేర్లయ్యాక తిరిగి ఒక్కొక్కరినే అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు. ఎవరో ఆటపట్టిస్తున్నారని కసురుకున్నాను. ఆ రోజంతా ధరలు తప్పు రాశాను.

ఆషాఢంలో ఆమె బావగారు ఆఫీసుకి కాగితం రాశాడు, చచ్చినవాడి పేరు మీద బజారు నడుస్తోందని. రేపు పొద్దున ఆఫీసరు వస్తాడని నాకు కబురందింది. మధ్యాహ్నం బజారు సర్దేవేళ ఆమె దగ్గరికి వెళ్ళి ఉన్నది చెప్పాను. రేపటికి పేరు మారిన పాసు పుస్తకం లేకపోతే అరుగు పోతుందమ్మా, నా చేతుల్లో ఏమీ లేదు అన్నాను. ఆమె తను కూర్చునే గోనెపట్టా ఎత్తి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పుస్తకం తీసింది. తెరిచి చూస్తే ఆమె పేరే, మూడున్నర ఎకరాలూ ఆమెవే.

ఎప్పుడొచ్చిందని అడిగాను. ఉగాదికి ముందేనంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలుగా నలభై మందిమీ మెడ మీద కత్తి పెట్టుకుని పలుకుతుంటే, నేను నిద్రలో కూడా ఆ పేరు పిలుస్తుంటే, ఈవిడ గెలిచి కూడా పుస్తకం మీదే కూర్చుందా అని తిట్టబోయాను. ఆమె పుస్తకం వదల్లేదు. ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆమె చేతిలో.

"ఇది మీకిస్తే ఆయన పోతాడు బాబూ," అంది.

నాకు తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఆమె తనంతట తనే వేళ్ళు వదిలింది.

మర్నాడు ఆఫీసరు నా పక్కనే కూర్చున్నాడు. గేటు దగ్గర ఎదురొచ్చాడన్నది తనే కాబట్టి పాత టిక్కుల జోలికి పోలేదు, పుస్తకం చూసి పేరు మార్చమన్నాడు. పట్టీలో ఆయన పేరు మీద రూళ్ళకర్ర పెట్టి ఎర్రసిరాతో గీత కొట్టాను, కింద ఆమె పేరు రాశాను. వరసలో ఆ పేరు పిలిచాను. ఆమె తరఫున ఎవరూ పలకలేదు, పలకాల్సింది ఆమే. చాలాసేపటికి, ఉన్నానండీ అన్నది. తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొమ్మిది నెలల్లో ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. అప్పుడు చూశాం.

ఆఫీసరు వెళ్ళిపోయాక అమ్మకాలు మొదలవ్వాలి. మొదలవ్వలేదు. పెద్దాయన ఆకుకూరలు వదిలేసి వచ్చి ఆమె అరుగు పక్కన నేల మీద కూర్చున్నాడు. కాసేపు కూర్చుని లేచి వెళ్ళాడు. తర్వాత దొండకాయలతను. తర్వాత గోంగూర ఆమె. ఒకరి తర్వాత ఒకరు మిగతా అరుగుల వాళ్ళంతా వచ్చారు. పంతులమ్మ సంచి కింద పెట్టి కూర్చుంది. చావు జరిగిన ఇంటికి పలకరింపుకి వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు వస్తామని చెప్పకూడదు మా వైపు. ఆ మాట ఎవరూ అనలేదు. అందరికంటే చివర నేను వెళ్ళి కూర్చున్నాను. రోజూ బజారు కట్టేశాక వస్తానమ్మా అని ఆమెకి చెప్పి ఇంటికి పోవడం నాకు అలవాటు. ఆ రోజు చెప్పకుండా లేచి వచ్చేశాను.