అద్దం లేచిన ముహూర్తం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను ఎక్కడా మంచివాడిగా కనపడను. చివరికైనా వీడు పరువు దక్కించుకుంటాడేమోనని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మేలు. కెమెరా మీదుండే ఒక చిన్న చక్రం తిప్పడం మరిచిపోయి ఒక పెళ్లిని, ఒక పట్టుచీరను, ఒక మేనమామ ఆశను ఎట్లా మట్టిలో కలిపానో చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ధర్మవరంలో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

హిందూపురంలో నాకు మోటారు పంపుల షాపు ఉంది. కొన్నేళ్ల కిందట డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే చిన్నది కాదండీ, నాలుగు చక్రాలు, ఇరవై బొత్తాలు ఉండేది. అది ఇంటికొచ్చినప్పటి నుంచి నేను మనిషి మాటలు మానేశాను. రొద్దం నుంచి ఒక రైతు వచ్చి, "అన్నా, మా బోరుకి ఎంత హెచ్.పి. మోటారు కావల్ల?" అని అడిగితే, బోరు లోతెంత అని అడగాల్సింది పోయి, "కదలకుండా నిలబడు, నీ ముఖం మీద వెలుతురు భలే పడుతోంది" అన్నాను.

తీసి చూపించాను కూడా. "చూడు, ఎపర్చరు ఇంత పెద్దగా తెరిస్తే నీ ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంటుంది. వెనకున్న పైపులన్నీ మసకబారిపోయినాయి."

ఆయన కంగారుగా వెనక్కి తిరిగి చూశాడు. "పైపులు మసకబారితే ఎట్లన్నా? నాకు పైపులు గూడా కావల్ల గదా!"

ఇంట్లో ఇంకా ఘోరం. బొరుగులతో చేసిన ఉగ్గానిలో పసుపు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు రావాలని వైట్ బ్యాలెన్సు సరిచేస్తూ కూర్చుంటే, ఉగ్గాని చల్లారిపోయేది, నా భార్య వరలక్ష్మి వేడెక్కేది. కెమెరా చక్రం మీద ఆటో అనే పచ్చ గుర్తు ఉంటుంది. అది పెట్టి నొక్కితే కెమెరాయే అన్నీ చూసుకుంటుంది. ఆ గుర్తు వైపు చక్రం తిప్పడమంటే నాకు నలుగురిలో చొక్కా విప్పినంత నామోషీ. మరో గొప్ప పని కూడా చేశాను. ఫొటో తీయగానే వెనక తెర మీద అది కనపడుతుంది కదా, దాన్ని కనపడకుండా ఆపేశాను. "తెలిసినవాడు తీసిన ప్రతిదీ వెంటనే చూసుకోడు. తన పని మీద తనకు నమ్మకం ఉంటుంది" అని వరలక్ష్మికి చెప్పాను. ఆమె నావైపు చూసిన చూపును అప్పుడే అర్థం చేసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇక నాగరాజు మామ. మా అమ్మకు తమ్ముడు, ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. కూతురు లావణ్యకు పెనుకొండ సంబంధం కుదిరింది. ముహూర్తం చీర మామ తన చేతులతోనే నేశాడు. పసుపు చీర, ఎర్రటి పెద్ద అంచు. చీర మగ్గం మీద నుంచి దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. మామ దాన్ని మడత పెడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అల్లుడా, చిన్నప్పటి నుంచి నేస్తానే ఉండా. నేసింది మడత పెట్టి షాపుకిచ్చేది, అంతే. ఎవురు కట్టుకుంటారో, కట్టుకుంటే ఎట్లుంటాదో ఒగనాడన్నా సూసినోన్ని కాదు. ఇది మన పాప కట్టుకుంటాది. అయితే ఆ పొద్దు పెండ్లికొడుక్కి కాళ్లు కడిగేది, కన్యాదానం జేసేది, వచ్చినోళ్లను పలకరించేది. నిలబడి సూసుకునేకి నాకు యాడ తీరుతాది? అందుకే స్టూడియో ఆయప్పకు చెప్పినా, పాప ఫొటోలు బాగా తీయప్పా అని."

అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు.

"స్టూడియో ఎందుకు మామా? వాళ్లకు ఆటోలో పెట్టి నొక్కడం తప్ప ఏం తెలుసు? ఆ పట్టు మెరుపు రావాలంటే రా అనే ముడి ఫైలులో తీయాలి, హైలైట్లు కాపాడాలి. మాన్పించేయ్. నేనున్నాను."

మామకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే నమ్మాడు. "నువ్వుండావంటే నాకేం దిగులప్పా" అని ఆ సాయంత్రమే స్టూడియో ఆయనకు వద్దని చెప్పేశాడు.

పెళ్లికి ముందురోజు పెనుకొండలో దిగాం. తెల్లవారితే పెళ్లి. ఏ తెలివైన వాడైనా పొద్దున్నే లేచి పెళ్లికూతురికి చీర కట్టే చోట ఉంటాడు. నేను ట్రైపాడు భుజాన వేసుకుని కొండెక్కాను, సూర్యోదయం తీయడానికి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఓపిక పట్టండి, నా పతనం మొత్తం ఇందులోనే ఉంది. ఈ రకం కెమెరా లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. మనం కన్ను పెట్టి చూసే బొమ్మ ఆ అద్దం చూపించేదే. బొత్తాం నొక్కితే అద్దం టక్కున పైకి లేస్తుంది, ఫొటో పడుతుంది, అద్దం దిగుతుంది. మసక వెలుతురులో తీసేటప్పుడు ఆ అద్దం లేచే కుదుపుకి కూడా ఫొటో చెదురుతుందని మావంటి మేధావుల భయం. అందుకని ఒక ఏర్పాటు ఉంది. ఒక చక్రం తిప్పితే, మొదటి నొక్కుకి అద్దం మాత్రమే లేస్తుంది. రెండో నొక్కుకి ఫొటో పడుతుంది. రెండోసారి నొక్కకపోతే అర నిమిషం చూసి, ఇక వీడితో కాదని, కెమెరా తనంతట తానే తీసేస్తుంది. కొండల ఫొటోలకు చాలా మంచిది. కొండలు ఎక్కడికీ పోవు కదా.

అది పెట్టుకుని సూర్యోదయం తీస్తున్నాను. ఫోను మోగింది. వరలక్ష్మి.

"యాడుండారు మీరు? ఈడ పాపకు చీర గట్టడం గూడా అయిపోయింది. మామ మీ కోసం అందర్నీ అడుగుతాండాడు."

"వస్తున్నా. సూర్యుడు రావాల్సి ఉండె."

"సూర్యుడు రేపు గూడా వస్తాడు. పాపకు పెండ్లి రేపు గాదు."

పరుగున దిగాను. ట్రైపాడు మడిచాను, లెన్సు మార్చాను, అన్నీ చేశాను. ఆ చక్రం ఒక్కటి తిప్పలేదు.

కల్యాణ మండపంలో లావణ్య ఆ చీరలో కూర్చుని ఉంది. నేను పొగడ్తలు తెలిసినవాణ్ని కాదు గానీ, చూసి ఒక్క క్షణం నిలబడిపోయాను. "బావా, ఇప్పుడే ఒగటి తియ్యి, నాయనకు చీర బాగా కనపడల్లంట" అంది.

"ఇప్పుడా? పైన ట్యూబులైట్లు, పక్కన పచ్చ బల్బులు. రంగంతా చెడిపోతుందమ్మా. సాయంత్రం ఎండ మెత్తబడినాక బయట నిలబెట్టి తీస్తా. అప్పుడు చూద్దువు మీ నాయన చీర."

తంతు మొదలైంది. మామ వంగి పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నాడు. నొక్కాను. టక్. కంటి ముందంతా చీకటి. ఇదేమిటని మళ్లీ నొక్కాను. కచక్. వెలుతురు వచ్చింది. జీలకర్ర బెల్లం దగ్గర కూడా అదే వరస, టక్, చీకటి, కచక్.

వరలక్ష్మి నా వెనకే ఉంది. "ఏంది అది, రెండుసార్లు కొట్టుకుంటాండాది?"

"రా ఫైళ్లు బరువుగా ఉంటాయి. కార్డు మోయలేక ఆయాసపడుతోంది."

"ఒగసారి తెరలో సూడరాదా?"

"చూడకూడదని చెప్పాను కదా!"

"పోనీ, తాళి కట్టేటప్పుడు గడగడా పది తీసేయండి. ఒగటన్నా వస్తాది."

ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "పది తీసేవాడు పదిసార్లు గురి తప్పేవాడు. నేను ఒక్కటే తీస్తాను. సరిగ్గా ఆ క్షణం" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినపడేట్టుగా.

మేళాలు గట్టిగా మోగాయి. నేను వేదిక ఎక్కి, అందరికంటే ముందుకు దూరి, నడుము వంచి, ఊపిరి బిగబట్టాను. పెళ్లికొడుకు చేతులు లావణ్య మెడ వెనక్కి వెళ్లాయి. ఆమె తల వంచింది. పక్కన మామ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తున్నాడు. నొక్కాను. టక్! ఆ ముగ్గురూ ఒకే చట్రంలో. ఒకే ఒక్క నొక్కు. కెమెరా దించేసి, అక్షింతలు వేసేవాళ్లకు దారిచ్చి, గెలిచినవాడిలా పక్కన నిలబడ్డాను. కాసేపటికి నా పొట్ట మీద వేలాడుతున్న కెమెరా కచక్ మంది. ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాను.

తలంబ్రాలు కాగానే లావణ్యను లోపలికి తీసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పటికి ఆకుపచ్చ చీరలో ఉంది.

"ఆ చీరేమైంది?" అన్నాను నాగరాజు మామ భార్య, మా అత్తతో.

అత్త నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "తాళి గట్టినాంక మగపిల్లోళ్లు పెట్టిన చీర గట్టుకోవల్ల గదప్పా. నీ పెండ్లిలో మార్చుకోలేదా వరలక్ష్మి?"

నిజమే. మార్చుకుంది. మా ఇళ్లన్నిటిలో ఉన్నదే. నాకు మాత్రం సాయంత్రపు ఎండ గుర్తుంది, ఇది గుర్తులేదు. అయినా పెద్దగా దిగులు పడలేదు. తాళి ఫొటో ఉంది కదా అనుకున్నాను.

హిందూపురం వచ్చి కంప్యూటరులో తెరిచాను. ప్రతి ఫొటో ఒక లిప్త ఆలస్యం. కాళ్లు కడిగే ఫొటోలో చెంబు, మామ వీపు. జీలకర్ర బెల్లం ఫొటోలో చేతులు దించేసి ఇద్దరూ చెరో వైపు చూస్తున్నారు. మంత్రాలు చదివే అయ్యవారు ఆవలిస్తున్నాడు, అదొక్కటే సరైన సమయానికి పడింది. తలంబ్రాల్లో ఎవరిదో తువ్వాలు చీరంతా కప్పేసింది. తాళి ఫొటో దగ్గరికి వచ్చాను. వరలక్ష్మి నా భుజం మీదుగా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ధర్మవరం వెళ్లక తప్పలేదు. ల్యాపుటాపు చంకన పెట్టుకుని మామ ఇంటికి పోతే, ఆయన మగ్గం ఆపి, ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. సినిమాకు పోతున్నవాడిలా అత్తను కూడా కేకేసి పిలిచాడు. అప్పుడే నా ప్రాణం సగం పోయింది.

ఒక్కొక్కటే చూపించాను. తాళి ఫొటో వచ్చింది.

"ఇదేందప్పా?"

"కాలు మామా."

"కాలా? ఎవురిది?"

"నాదే. బొటనవేలు."

మామ కళ్లద్దాలు పైకి తోసుకుని ఇంకా దగ్గరికి వంగాడు. "మసగ్గా ఉండాది."

"అవును మామా. గురి తాళి మీద ఉండింది, అందుకని."

అత్త పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. నేను గడగడా మాట్లాడడం మొదలుపెట్టాను. అద్దం అన్నాను, చక్రం అన్నాను, అర నిమిషం అన్నాను. చివరికి, "లావణ్యను పిలిపిద్దాం మామా. ఆ చీర మళ్లీ కట్టించి, నిలబెట్టి, ఎన్ని కావాలంటే అన్ని తీస్తాను" అన్నాను.

"పాప కట్టుకుంటాది లేప్పా, దానికేమి" అన్నాడు మామ మెల్లగా. "పెండ్లికూతురు యాడనుంచి వస్తాది?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఒక మనిషి జన్మకు ఒక్కటే కోరిక కోరి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని నా గొప్ప చూపించుకోవడానికి వాడుకున్నాను. సిగ్గుతో ఆ చాప కింద దూరిపోవాలనిపించింది. భోజనం చేసిపొమ్మని అత్త అంటున్నా వినకుండా బస్టాండుకు వచ్చేశాను.

కొన్నాళ్లకు మామే ఫోను చేశాడు. "అల్లుడా, ఒగ ఫొటో దొరికిందప్పా! పెండ్లికొడుకు చెల్లెలు సెల్లులో తీసిందంట. సరిగ్గా తాళి కట్టేటప్పుడు! పెద్దది జేయించి గోడకు తగిలించినా. వచ్చి సూడు."

నా గుండెల మీది బండ దిగినట్టయింది. మిఠాయి పొట్లంతో పరుగున వెళ్లాను. మామ నన్ను చెయ్యి పట్టుకుని గోడ ముందు నిలబెట్టాడు. నిలువెత్తు పటం, చుట్టూ బంగారు రంగు చట్రం. ఫొటో అద్భుతంగా ఉంది. వెలుతురు బాగుంది, రంగులు బాగున్నాయి. ఆ క్షణం కూడా సరిగ్గా అదే. పటం నిండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, నడుము వంచి ఊపిరి బిగబట్టిన నా వీపు, దాని కింద మిగతా నేను. పైన పెళ్లికొడుకు తలపాగా కొన మాత్రం కనిపిస్తోంది.

"మామా..." అన్నాను.

"అట్ల గాదు, ఈడ సూడు" అన్నాడు మామ ఉత్సాహంగా, వేలు పెట్టి. "నీ మోచేయి సందులో. కనపడతాండాదా? జానెడు అంచు. కూచ్చొంటే ఆ ఎరుపు ఎట్ల మెరుస్తాందో సూడు! కట్టుకుంటే ఇట్లుంటాదని నాకు ఇన్నాళ్లు తెలీదప్పా."

ఆయన నన్ను దెప్పడం లేదు. నిజంగా సంతోషపడుతున్నాడు. రోజూ మగ్గం దిగినాక ఆ పటం ముందు కాసేపు కూర్చుంటాడని అత్త చెప్పింది. నా మోచేతి సందులోంచి తన చీరను చూసుకుంటాడు. నేను మోచేయి ఇంకొంచెం ఎత్తి ఉంటే ఆయనకు ఇంకొంచెం అంచు దక్కేది. అప్పటి నుంచి నేను ఆ ఇంట్లో గోడకు ఎదురుగా కూర్చోలేదు.

కాబట్టి చదువరులారా, నా కులదైవం మీద, నా షాపులోని మోటార్లన్నిటి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ పెళ్లిలోనూ కెమెరా ముట్టను. వేదిక ఎక్కను. నాలుగో వరసకు ముందు కూర్చోను. తాళి కట్టేటప్పుడు నడుము అసలే వంచను. ఈ ప్రమాణం నేను తప్పాలనుకున్నా ధర్మవరం తప్పనివ్వదు. ఆ పటం చూడని ఇల్లు ఆ వీధిలో లేదు. ఎదురుగా వస్తే నన్ను ఎవరూ గుర్తుపట్టరు. దాటిపోయిన తర్వాత మాత్రం వెనక నుంచి కేక వినపడుతుంది.

"ఏమప్పా, నువ్వు నాగరాజు కూతురు పెండ్లి ఫొటోలో ఉండే ఆయప్పవి గదా?"