టైరుకు వేసిన బంతిపూల దండ

నాలుగేళ్ల కిందట హిందూపురంలో నా స్కూటీకి వెనక టైరు మార్పించాను. ఏది మంచిదని అడిగితే షాపతను నవ్వాడు. "ఆడోళ్లకు టైర్ల సంగతి ఏం తెలుస్తాదక్కా? కొత్తది నేనే సూసి ఏస్తాలే" అన్నాడు. నమ్మాను.

నెల తిరక్కుండానే పెనుకొండ దగ్గర అది పేలింది. వెనక కూర్చున్న నా కూతురి చెయ్యి విరిగింది. అక్కడి మెకానిక్ టైరు తిప్పి చూసి, "ఇది కొత్తది కాదక్కా. అరిగిపోయినదానికి గీతలు కోసి నల్లరంగు పూసినారు" అన్నాడు.

ఆ టైరు దాచి, ఆయుధపూజ దాకా ఆగాను. ఆ రోజు హిందూపురంలో అతని షాపు నిండా జనం. పూజలో పెట్టిన స్పానర్లు, జాకీల పక్కన టైరు నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను.

"నువ్వు నాకు అమ్మిన టైరే అబ్బా ఇది. దీనిమీద చెయ్యి పెట్టి, కొత్తదేనని అమ్మవారి ముందర ప్రమాణం చెయ్. గమ్మున పోతా."

అతని చెయ్యి లేవలేదు. అక్కడే టైర్లు వేయించుకున్న ఆటోవాళ్లు ఒక్కొక్కరే బయటికి వెళ్లి, వంగి తమ చక్రాలు తడుముకోసాగారు.

ఇప్పుడు టైరు కావాలంటే ధర్మవరం దాకా వెళ్తాను. ఆయుధపూజకు మాత్రం ఏటా అతని షాపుకే. క్షమించడం గొప్పంటారు. నాకా గొప్ప వద్దు. అతను తల వంచుకుని నా చేతిలో ప్రసాదంగా పెట్టే బొరుగులు చాలు.